తుడిచివేయకూడని ఏడాది

గత దీపావళినాడు ఆలయంలో అన్నప్రసాదం వడ్డిస్తున్న వేళ, పంక్తిలో మా ముందు నిలుచున్న ఒక పెద్దావిడ మా అమ్మాయిని చూసి ఆప్యాయంగా పలకరించారు. "ఏమ్మా, యూనివర్సిటీలో చేరావటగా! ఏం చదువుతున్నావు?" అని అడిగారు. అమ్మాయి నోరు తెరిచేలోపే మేము అందుకుని, "కెమిస్ట్రీ అండీ, మొదటి సంవత్సరం" అని చెప్పేశాము. ఆవిడ సంతోషించి, దీవించి, ముందుకు కదిలారు. మా అమ్మాయి ఏమీ అనలేదు. చేతిలోని పళ్ళెం వైపే చూస్తూ నిలుచుంది.

తిరుగు ప్రయాణంలో కారులో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. చివరకు మేమే ఆ మౌనం భరించలేక, "విశ్వవిద్యాలయంలో నీకిది మొదటి సంవత్సరమే కదా! అందులో అబద్ధమేముంది?" అన్నాము. దానికి మా అమ్మాయి, "మీరు అబద్ధం చెప్పలేదు నాన్నా. కాని నేను చదువుతున్న ఏడాదిని లేదన్నారు" అంది.

మా అమ్మాయి చదువుతున్నది రసాయన శాస్త్రంలో డిగ్రీయే. అయితే అది ఫౌండేషన్ ఇయర్‌తో కూడిన డిగ్రీ. అంటే అసలైన మొదటి సంవత్సరానికి ముందు ఉండే పునాది సంవత్సరంలో ఆమె ఉంది. ఆ ఒక్క మాటను మేము పంక్తిలో మింగేశాము. ఎందుకు మింగామన్నది ఆనాటి నుంచి మమ్మల్ని వదలని ప్రశ్న. చదువులో ఒక ఏడాది వెనుకగా బయలుదేరడం సిగ్గుపడవలసిన విషయమా? కాకపోతే దానిని దాచిన మా ప్రవర్తనను ఏమనాలి? మాలాంటి సందర్భం ఎదురైన కుటుంబాలు మన మధ్య మరికొన్ని ఉండవచ్చునన్న తలంపుతో, మా ఆలోచనలను ఇక్కడ పంచుకుంటున్నాము.

ముందుగా ఆ ఏడాది ఎందుకు అవసరమైందో చెప్పడం న్యాయం. మేమిద్దరం ఇంటర్మీడియట్ చదివిన రోజుల్లో ఎం.పి.సి. తీసుకున్నా, బై.పి.సి. తీసుకున్నా రసాయన శాస్త్రం తప్పనిసరిగా ఉండేది. ఇంజనీరు కాదలచినవాడికీ, డాక్టరు కాదలచినవాడికీ అది తప్పించుకోలేని పాఠం. ఇంగ్లండ్‌లో అలా కాదు. పదహారేళ్ళ వయసులో జీసీఎస్ఈ పూర్తి చేసిన పిల్లలు ఎ లెవెల్స్‌కు సాధారణంగా మూడు విషయాలను మాత్రమే ఎంచుకుంటారు. ఎంచుకోనిది అక్కడితో ఆగిపోతుంది. మా అమ్మాయికి జీసీఎస్ఈలో రసాయన శాస్త్రమంటే ప్రాణం. అయినా "ఉద్యోగాలు కంప్యూటర్లలో ఉన్నాయమ్మా" అని నచ్చజెప్పి, గణితం, కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్ తీసుకునేలా చేసినది మేమే. ఆమె మారు మాట్లాడలేదు. మా దృష్టిలో అది వినయం. ఆమె మనసులో అది ఏమిటో మేము అడగలేదు.

రెండేళ్ళు గడిచాయి. ఆ మూడు విషయాలలోనూ ఆమె మంచి మార్కులే తెచ్చుకుంది. ఆ తరువాత ఒక సాయంత్రం మా ఎదుట కూర్చుని, తనకు రసాయన శాస్త్రమే చదవాలని ఉందని చెప్పింది. ఆ విషయంలో ఎ లెవెల్ లేనివారిని విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఆ డిగ్రీలోకి నేరుగా తీసుకోవు. ఆమెకు మిగిలిన దారులలో ఫౌండేషన్ ఇయర్ ఒకటి. మేము ఆ రోజు అన్న మొదటి మాట, "ఏడాది వృథా అవుతుందే!" అని. వృథా అయినదేదైనా ఉంటే అది రాబోయే ఏడాది కాదు. మేము ఆమె చేత ఎంపిక చేయించిన ఆ నాటి నిర్ణయం. ఈ సంగతి మాకు తెలియక కాదు. తెలుసు గనుకనే పంక్తిలో ఆ మాట చెప్పలేకపోయాము. ఆమె ఆలస్యాన్ని దాచుతున్నామనుకున్నాము గాని, నిజానికి దాచుకున్నది మా పొరపాటును.

ఫౌండేషన్ ఇయర్ అంటే ఏమిటో తెలియని కుటుంబాల కోసం కొంత వివరిస్తాము. బి.ఎస్సీ. మామూలుగా మూడేళ్ళు, ఫౌండేషన్ ఇయర్ కలిస్తే నాలుగేళ్ళు. ఎం.కెమ్. అనే పట్టాకు నాలుగేళ్ళకు బదులు అయిదేళ్ళు. ఆ తొలి ఏడాదిలో రసాయన శాస్త్రంతో పాటు గణితం, భౌతిక శాస్త్రం, ప్రయోగశాల పద్ధతులు, నివేదిక రాసే విధానం వంటివి నేర్పుతారు. ఏడాది చివర విశ్వవిద్యాలయం నిర్ణయించిన మార్కులు సాధించినవారే మొదటి సంవత్సరంలో అడుగు పెడతారు. అక్కడి నుంచి ఎ లెవెల్స్‌తో నేరుగా వచ్చినవారూ వీరూ ఒకే గదిలో కూర్చుని, ఒకే ప్రశ్నపత్రం రాసి, ఒకే పట్టా పుచ్చుకుంటారు.

దీనికి అయ్యే ఖర్చు చిన్నది కాదు. 2025-26లో ఇంగ్లండ్‌లో డిగ్రీ ఫీజు గరిష్ఠ పరిమితి ఏడాదికి 9,535 పౌండ్లు. తరగతి గది బోధనతో సరిపోయే కొన్ని విషయాలలో ఫౌండేషన్ ఇయర్ ఫీజు పరిమితిని 2025 నుంచి 5,760 పౌండ్లకు తగ్గించారు గాని, ప్రయోగశాల అవసరమైన రసాయన శాస్త్రానికి ఆ తగ్గింపు వర్తించదు. పునాది సంవత్సరం డిగ్రీలో భాగమైనప్పుడు అర్హులైన ఇక్కడి విద్యార్థులకు ఫీజు రుణం లభిస్తుంది. కాని రుణం రుణమే. ఆ ఏడాది భారం పిల్లల తలమీదే పడుతుంది. 2019లో ఫిలిప్ ఆగర్ అధ్యక్షతన వెలువడిన సమీక్షా నివేదిక, ప్రత్యేక సందర్భాలలో తప్ప ఫౌండేషన్ ఇయర్‌కు విద్యారుణం ఇవ్వడం మానుకోవాలనే సిఫారసు చేసింది. అదే చదువును తక్కువ ఖర్చుతో కళాశాలలలో పొందవచ్చునన్నది అటువంటివారి వాదం. ఆ వాదంలో బలం లేదని మేము అనము. మా అమ్మాయి కూడా కళాశాలలో చేరి రసాయన శాస్త్రంలో ఎ లెవెల్ రాయవచ్చు. ఆమె ఆ దారిని కూడా పరిశీలించి, లెక్క వేసి, తెలిసే ఈ దారి ఎంచుకుంది. ఈసారి ఎంపిక ఆమెది.

ఖర్చు గురించి ఇంత మాట్లాడగలిగిన మేము సిగ్గు గురించి మాట్లాడలేకపోయాము. ఆ సిగ్గుకు మూలమేమిటని వెదికితే మాకు రెండు తలంపులు కనిపించాయి.

మొదటిది, ఇది దొడ్డిదారి అన్న తలంపు. మిగిలిన పిల్లలు రెండేళ్ళు కష్టపడి, మార్కులు తెచ్చుకుని, ముఖద్వారం గుండా వచ్చారు. మనవారు పక్కనుంచి వచ్చారు అన్న బెరుకు. కాని దొడ్డిదారి అంటే పరీక్ష లేకుండా లోపలికి పోవడం. ఇక్కడ పరీక్ష ఉన్నది. పైగా ఆ పరీక్ష నెగ్గకపోతే ముందుకు పోయే వీలు లేదు. రెండేళ్ళలో చదవవలసినదానిలో అవసరమైన భాగాన్ని ఒక ఏడాదిలో అందుకోవాలి. మోల్ అంటే ఏమిటో తెలియనివారికి ఆ తరువాతి పాఠం ఏదీ అర్థం కాదు. డజను అంటే పన్నెండు అయినట్లు, మోల్ కూడా ఒక లెక్క మాటే. ఆ లెక్కలో 6 తరువాత 23 స్థానాలు ఉండే మహాసంఖ్య ఇమిడి ఉంది. 2019లో శాస్త్రవేత్తలు ఆ సంఖ్యను అంతర్జాతీయంగా స్థిరపరిచారు. 18 గ్రాముల నీళ్ళు, అంటే నాలుగు చెంచాలకు కాస్త తక్కువ నీళ్ళు తీసుకుంటే, అందులో ఇంచుమించు అన్ని అణువులు ఉంటాయి. ఎవరూ చూడలేని, ఎన్ని జన్మలెత్తినా లెక్కించలేని అణువులను తక్కెడలో తూచి లెక్కపెట్టే విద్య అది. మా అమ్మాయి ఈ విషయం మాకు వంటింట్లో చెంచాతో నీళ్ళు కొలిచి చూపుతూ చెప్పింది. ఎప్పుడో బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కిన మాకు, దాని అర్థం ఆ రోజే తెలిసింది. ఇది దొడ్డిదారిన పోయే చదువు కాదని మాకు నమ్మకం కలిగింది.

రెండవది, చదువు ఒక పరుగుపందెమన్న తలంపు. తోటివారి కంటే ఏడాది వెనుక పడితే జీవితమంతా వెనుకనే ఉండిపోతారన్న భయం. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని ఇంట్లో సామెత చెబుతూనే, పిల్లలను మాత్రం పరిగెత్తించే అలవాటు మాది. ఇక్కడ మేము మా తెలుగు తరగతిని గుర్తు చేసుకోవలసి వచ్చింది. ప్రతి ఆదివారం ఆలయంలో జరిగే తరగతిలో పదిహేనేళ్ళ పిల్లవాడు ఆరేళ్ళ పిల్లల పక్కన కూర్చుని అ, ఆలు దిద్దుతాడు. అతడు తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వచ్చాడని మనమెవరమూ నవ్వము. "ఇప్పటికైనా వచ్చాడు, మంచిదే" అని మెచ్చుకుంటాము. గుణింతాలు రాకుండా అతణ్ణి పద్యాల తరగతిలో కూర్చోబెట్టమని ఏ తల్లీ అడగదు. మాతృభాషకు ఇంత సహజమైన ఓర్పు, రసాయన శాస్త్రం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు కరిగిపోతుంది? తెలుగు రానందువల్ల జీతం తగ్గదని మనకు తెలుసు గనుక, అక్కడ ఓర్పు వహించడం సులభం. ఓర్పు చౌకగా ఉన్నచోట దానిని చూపి, ఖరీదైనచోట దాచుకోవడం గొప్ప గుణమేమీ కాదు.

మరొక అనుభవాన్ని కూడా ఒప్పుకోవాలి. ఆ శీతాకాలంలో మాకు ఒక సంగతి తెలిసింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కూడా 2023లో ఒక ఫౌండేషన్ ఇయర్‌ను ప్రారంభించిందట. ప్రతికూల పరిస్థితులలో చదువుకున్న ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల కోసం ఉద్దేశించిన ఆ ఏడాదిలో రసాయన శాస్త్రం, ఇంజనీరింగ్, పదార్థ విజ్ఞానం కలిసిన శాఖ ఒకటి ఉందట. అది విన్న క్షణంలో మా గుండె తేలికపడింది. మా అమ్మాయి చదువుతున్నది అక్కడ కాదు. ఆమె పరిస్థితిలో రవ్వంత మార్పూ లేదు. అయినా ఆ పేరు వినగానే ఆమె ఏడాదికి గౌరవం వచ్చినట్లు తోచింది. అలా తోచినందుకు వెంటనే సిగ్గు వేసింది కూడా. ఈ ఏడాది మంచిదా కాదా అన్నది ఆమె నేర్చుకుంటున్నదానిని బట్టి ఉండాలి గాని, ఇంకెవరి తలుపు మీద ఏ పేరు ఉన్నదన్నదానిని బట్టి కాదు కదా!

ఇలాంటి సందర్భాలలో పెద్దలు చెప్పే ఓదార్పు మాట ఒకటి ఉంది. "ఆలస్యంగా మొదలుపెట్టినవారు ఎంతమంది గొప్పవారు కాలేదు?" అంటారు. ఉదాహరణలకు కొదవ లేదు. లండన్ పరిసరాలలో 1791లో ఒక కమ్మరి ఇంట పుట్టిన మైకేల్ ఫారడే చిన్ననాట పుస్తకాలు కుట్టే దుకాణంలో పనివాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రయోగశాల సహాయకుడిగా చేరి, 1825లో బెంజీన్‌ను వేరుచేశాడు. మనవారిలో యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడోసారి నెగ్గారు. 1923లో అమెరికా చేరుకుని, సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. జీవరసాయన శాస్త్రంలో ఆ పద్ధతి ఆ ఇద్దరి పేర్లతోనే ప్రసిద్ధి పొందింది.

మన సాంస్కృతిక సభలలో సుబ్బారావుగారి కథ చెప్పేటప్పుడు, ఆ రెండు వైఫల్యాలను మనం దాచము. పైగా గొంతు పెంచి మరీ చెబుతాము. అదే సభలో ముందు వరుసలో కూర్చున్న మన పిల్లల విషయంలో మాత్రం ఒక్క ఏడాదిని నోటితో పలకలేము. గొప్పవారి ఆలస్యం కథకు అలంకారం. మన ఇంటి ఆలస్యం కళంకం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? వారి కథ ముగింపు మనకు తెలుసు; మన పిల్లల కథ ముగింపు ఇంకా తెలియదు. అంటే మనం గౌరవిస్తున్నది వారి పట్టుదలను కాదు, వారికి దక్కిన ఫలితాన్ని.

అందుచేత ఆ ఓదార్పు మాటను మేము మా అమ్మాయికి చెప్పదలచుకోలేదు. ఆలస్యంగా బయలుదేరిన ప్రతివారూ సుబ్బారావుగారు కారు. ఫౌండేషన్ ఇయర్‌లో చేరినవారిలో మొదటి సంవత్సరానికి చేరుకోలేకపోయేవారూ ఉంటారు. ఆ ఏడాది విలువ చివరి విజయం మీదే ఆధారపడి ఉంటే, చేరుకోలేని పిల్లల మాటేమిటి? వారు చదివినది చదువు కాదా? తనకు రానిదానిని రాదని ఒప్పుకుని, మొదటి నుంచి నేర్చుకోవడానికి కూర్చోవడంలోనే ఒక నిజాయితీ ఉన్నది. ఆ నిజాయితీ పరీక్షాఫలితాలు వచ్చేదాకా ఆగి విలువ సంపాదించుకోవలసిన వస్తువు కాదు.

నిజాయితీ అన్న మాట దగ్గర, మా అమ్మాయి ప్రయోగశాల నుంచి తెచ్చిన ఒక పాఠం చెప్పాలి. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆమె తన ప్రయోగాల పుస్తకం మాకు చూపింది. అది టైట్రేషన్ ప్రయోగం. ఆమ్లం ఉన్న ఫ్లాస్కులో రెండు మూడు చుక్కల ఫినాల్ఫ్తలీన్ వేసి, బ్యూరెట్ నుంచి క్షారాన్ని వదులుతారు. రంగు లేని ద్రావణం ఒక్క చుక్క తేడాతో లేత గులాబీ రంగులోకి మారుతుంది. ఆ రంగు నిలిచినచోట ఆగి, బ్యూరెట్‌లోని మట్టాన్ని కంటికి సమానమైన ఎత్తులో చూసి రాసుకోవాలి. ఆమె పట్టికలో నాలుగు అంకెలు ఉన్నాయి. మొదటిది అంచనా కోసం త్వరగా చేసినది, 25.10 మిల్లీలీటర్లు. తరువాతివి 24.40, 24.75, 24.45. వీటిలో 0.10 తేడాకు లోపల ఉన్న 24.40, 24.45లను మాత్రమే సగటుకు తీసుకోవాలి.

"మరి ఈ 24.75 ఎందుకుంచావు? కొట్టేసి శుభ్రంగా రాయకపోయావా?" అని మేము అడిగాము. మా ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్ గుర్తుకు వచ్చాయి. ఆ రోజుల్లో మేము రికార్డులో వచ్చిన రీడింగు కాక, రావలసిన రీడింగు రాసేవాళ్ళము. మూడు అంకెలూ ఒకేలా ఉంటేనే మార్కులు పడతాయని మా నమ్మకం. మా అమ్మాయి మా వైపు వింతగా చూసి, "సగటులోకి తీసుకోకూడదు గాని, పట్టికలోంచి తీసేయకూడదు" అంది. పుస్తకంలో సిరాతోనే రాయాలట. తప్పు రాస్తే రబ్బరుతో తుడవకూడదు, తెల్లరంగు పూయకూడదు. లోపలి అంకె చదవడానికి వీలుగా దాని మీద ఒకే ఒక గీత గీసి, పక్కన సరైనది రాయాలట. ఎందుకంటే ఆ తప్పు కూడా జరిగినదే. జరిగినదానిని జరగనట్లు చూపితే, ఆ పుస్తకంలోని మిగిలిన అంకెలను కూడా ఎవరూ నమ్మనక్కరలేదు.

ఆమె ఈ మాటలు మమ్మల్ని ఎత్తిపొడవడానికి అనలేదు. నేర్చుకున్నది చెప్పింది, అంతే. కాని దీపావళినాటి పంక్తి మా కళ్ళముందు మెదిలింది. ఆమె జీవితపు పట్టికలోంచి మేము ఒక ఏడాదిని తుడిచివేశాము. మా చేతిలో ఉన్నది తెల్లరంగు.

ఇంతకూ మేము ఎవరికి భయపడ్డాము? "నలుగురూ ఏమనుకుంటారో" అన్న మాట మనందరి ఇళ్ళలోనూ వినిపించేదే. ఆ నలుగురు ఎవరని పేర్లు పెట్టి రాసుకోబోతే మాకు ఒక్క పేరూ తోచలేదు. పంక్తిలో అడిగిన ఆవిడ మా అమ్మాయిని తక్కువ చేయడానికి అడగలేదు, ప్రేమకొద్దీ అడిగారు. ఇంకొంచెం లోతుగా ఆలోచిస్తే మరో సంగతి తట్టింది. మాకు కనబడని ఆ నలుగురికి మేము భయపడుతున్నట్లే, మరెవరో మాకూ భయపడుతూ ఉండవచ్చు. ఏ పిల్లవాడికి ఎన్ని మార్కులు వచ్చాయి, ఎవరికి ఎక్కడ సీటు వచ్చింది అని భోజనాల దగ్గర మేమూ అడిగినవాళ్ళమే. ఎవరో ఒకరి ఇంట్లో మేము కూడా ఆ నలుగురిలో ఒకరము. ఈ భయాన్ని ఎవరో మన మీద రుద్దలేదు. మనమే ఒకరికొకరం పంచిపెట్టుకుంటున్నాము.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఇంటి విషయాలన్నీ అడిగినవారందరికీ చెప్పాలా? చెప్పనక్కరలేదు. మౌనం వేరు, మరుగుపరచడం వేరు. "కెమిస్ట్రీ చదువుతోందండీ" అని ఊరుకుని ఉంటే అది మౌనం. ఎవరూ అడగకపోయినా "మొదటి సంవత్సరం" అని చేర్చడం మరుగుపరచడం. మౌనం పిల్లల గౌరవాన్ని కాపాడగలదు. మరుగుపరచడం మాత్రం, నీలో దాచవలసినది ఏదో ఉన్నదని పిల్లలకు చెబుతుంది. అదీ పదిమంది ఎదుట, వారు పక్కనే ఉండగా చెబుతుంది. ఇంకొక మాట కూడా. ఆ ఏడాది కథ మాది కాదు, ఆమెది. దానిని దాచే హక్కు మాకు లేనట్లే, ఆమెను అడగకుండా చాటే హక్కు కూడా మాకు లేదు. ఈ వ్యాసం రాయడానికి ముందు ఆమె అనుమతి తీసుకున్నాము. ఆమె చదివి, రెండుచోట్ల రసాయన శాస్త్రాన్ని సరిదిద్దింది.

ఉగాదికి మళ్ళీ ఆలయానికి వెళ్ళాము. బయలుదేరే ముందు మా అమ్మాయిని, "ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటావు?" అని అడిగాము. "నేనే చెబుతాను" అంది. ఉగాది పచ్చడి పంచుతున్నది అదే పెద్దావిడ. మా అమ్మాయిని గుర్తుపట్టి, "ఎలా ఉందమ్మా నీ మొదటి సంవత్సరం?" అన్నారు.

"మొదటి సంవత్సరం కాదండీ. దానికి ముందు ఫౌండేషన్ ఇయర్ చేస్తున్నాను. ఎ లెవెల్స్‌లో కెమిస్ట్రీ తీసుకోలేదు" అని మా అమ్మాయి చెప్పింది. మేము కూడా ధైర్యం చేసి, "ఆ రోజు మేము సరిగా చెప్పలేదు అక్కయ్యగారూ. అప్పట్లో కెమిస్ట్రీ వద్దని మానిపించింది కూడా మేమే" అన్నాము.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "అలాగా! అయితే ఆ ఏడాదిలో ఏం నేర్పుతారమ్మా?" అని అడిగారు. ఇన్ని నెలలు మేము భయపడిన ప్రశ్న తరువాత వచ్చిన ప్రశ్న అంతే. మా అమ్మాయి బ్యూరెట్ గురించి, పిప్పెట్ గురించి చెప్పసాగింది. ఆవిడ నవ్వుతూ, "మా రోజుల్లో పిప్పెట్‌ను నోటితోనే పీల్చేవాళ్ళం. ఒకసారి క్షారం నాలుకకు తగిలి రెండు రోజులు అన్నం రుచి తెలియలేదు" అన్నారు. ఆవిడ కెమిస్ట్రీ చదివారని ఇన్నేళ్ళ పరిచయంలో మాకు తెలియదు. ఆ మాటే అంటే, కాసేపు ఆగి, మెల్లగా చెప్పారు. "బి.ఎస్సీ. రెండో ఏడాదిలో పెళ్ళయింది. పరీక్షలు రాయలేదు. ఇక్కడ అందరూ నేను బి.ఎస్సీ. అనే అనుకుంటారు. నేనూ కాదనలేదు."

ఆవిడ ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నందువల్లనే ఈ మాటలు ఇక్కడ రాస్తున్నాము. ఆ రోజు ఆవిడా మా అమ్మాయీ ప్రసాదం చల్లారిపోయేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. నలభై ఏళ్ళకు పైగా ఎవరూ అడగని రెండేళ్ళను ఆవిడ, ఎవరూ గుర్తించని ఒక ఏడాదిని మా అమ్మాయి, ఒకరికొకరు చెప్పుకున్నారు.

మా అమ్మాయికి వేసవిలో పరీక్షలు ఉన్నాయి. నెగ్గుతుందో లేదో మాకు తెలియదు. నెగ్గాలని కోరుకుంటున్నాము. కాని ఫలితం ఏదైనా, ఈ ఏడాది పట్టికలో ఉంటుంది, సిరాతో రాసి ఉంటుంది. పిల్లలున్న మన కుటుంబాలన్నిటికీ మా విన్నపం ఒక్కటే. పదహారేళ్ళ వయసులో పిల్లలు విషయాలు ఎంచుకునేటప్పుడు, వారు మాట్లాడకపోతే దానిని అంగీకారమనుకోకండి, మరొకసారి అడగండి. ఒకవేళ దారి మళ్ళీ మొదటి నుంచి పట్టవలసి వస్తే, అది ఎన్నో ఏడాది అని కాక, అందులో ఏం నేర్చుకుంటున్నారని అడగండి. ఆ పెద్దావిడ అడిగినది అదే. ఈసారి పంక్తిలో నిలుచున్నప్పుడు మనం ఒకరినొకరం అడుగుకోవలసినది కూడా అదే.